చర్చి బావిలో నేనూ నా జర్మనీ మిషన్

ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో పెట్రోలుతో నడిచే రంపం మిషన్ను మొట్టమొదట చేతబట్టినవాణ్ణి నేనే. ఇది నా అంతట నేను చెప్పుకునే మాట కాదు, ఎవరినైనా అడగండి. నా పేరు లేవి. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. వయసు డెబ్బై దాటింది. మా చర్చికి సంఘ పెద్దను. అయినా ఆదోని బజారులో ఉత్త లేవి అంటే ఎవరికీ తెలియదు, మిషన్ లేవి అంటేనే తెలుస్తుంది.

వానలు లేని ఒక ఏడు మా పల్లె సగం చిక్కమగళూరు కాఫీ తోటలకు కూలికి పోయింది. నేనూ పోయాను. అక్కడ నీడ చెట్ల కొమ్మలు కొట్టే పని. అందరూ గొడ్డళ్ళతో చెట్లెక్కితే, ఎండిన చెట్లను పడగొట్టడానికి తోట సావుకారు దగ్గర ఒక జర్మనీ మిషన్ ఉండేది. దాన్ని పట్టేవాడికి జ్వరం వచ్చిన రోజు నేను ముందుకు పోయి "నేను పడతాను" అన్నాను. అంతకు ముందు దాన్ని తాకింది లేదు. కానీ అతను పట్టే తీరంతా రోజూ గమనిస్తూనే ఉన్నాను. సాయంత్రానికి సావుకారు తన మనుషులను పిలిచి నేను పడగొట్టిన చెట్టు మొదలును చూపించాడు, కోత అంటే ఇట్లా ఉండాలని. ఆ మనుషుల్లో ఇంకా ఇద్దరు బతికే ఉన్నారు.

తోటకు కొత్త మిషన్ వచ్చినప్పుడు పాతదాన్ని ఇనుప సామాన్లలో పడేయబోతుంటే నేను అడిగాను. "ఇట్కో లేవి" అన్నాడు సావుకారు, ఉంచుకోమని. గోనెసంచిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, బళ్ళారి మీదుగా బస్సులో తెచ్చుకున్నాను. "ఏమప్పా అది, బాంబు గింబు కాదుగదా" అన్నాడు కండక్టరు. "చెట్లకు బాంబే" అన్నాను.

ఆ మిషన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇప్పుడు వచ్చే మిషన్లన్నీ ప్లాస్టిక్ బొమ్మలు. నాది ఒళ్ళంతా లోహం. ఏడాది నిండిన మేకపిల్లంత బరువు. కొత్తవి దోమల మాదిరి గీమంటాయి, నాది ఎగువ ఎక్కే బస్సు మాదిరి గుర్రుమంటుంది. పెట్రోల్లో నూనె ఎక్కువ కలిపితేనే ఒప్పుకుంటుంది, అందుకని నీలం పొగ బాగా వదులుతుంది. రోజూ పొద్దున ఆకురాయితో దాని చైన్ పళ్ళను ఒక్కొక్కటే సాన పట్టేవాణ్ణి. దానికి ఒకే ఒక్క గుణం చెడ్డది. వేడి మీద ఆపితే అలుగుతుంది, తడిగుడ్డ వేసి చల్లార్చేదాకా మళ్ళీ స్టార్ట్ కాదు. అందుకే పని మధ్యలో దాన్ని ఎన్నడూ ఆపేవాణ్ణి కాదు.

తరువాత ఆదోనిలో మూతపడిన కోత మిల్లు నుంచి ఒక ఎర్ర మిషన్ తెచ్చుకున్నాను. బళ్ళారి పాత సామాన్ల అంగడిలో ఇంకొక పొట్టిది దొరికింది. మూడూ వయసులో నా కంటే కొంచెం చిన్నవి, అంతే. మూడింటినీ నడిపాను. పెట్టెలో పెట్టి చూసుకోవడానికి కొనలేదు.

నేను చేసిన పనుల్లో మూడు మాత్రం ఇక్కడ రాస్తాను. పత్తికొండ దారిలో గాలివానకు చింతచెట్టు కూలి బస్సుకు అడ్డం పడితే, ఎర్ర మిషన్‌తో మధ్యాహ్నం లోపల దారి తీశాను. బస్సులో వాళ్ళంతా దిగి నాతో ఫొటో తీసుకున్నారు. చిప్పగిరిలో బడి కప్పు మీద వేపచెట్టు వాలినప్పుడు, జర్మనీ మిషన్‌తో ముక్కలు ముక్కలుగా దించాను. కప్పు మీది కడప బండ ఒక్కటి పగలలేదు. ఇక పక్క ఊరి పెద్ద బసవరాజు గారికి ఊరి తేరుకు ఇరుసు కావలసి వచ్చినప్పుడు నల్లతుమ్మ మొద్దును కోసి పెట్టింది నేనే. నేను క్రైస్తవుణ్ణి కదా అని ఎవరో సణిగితే, బసవరాజు గారు "దేవుళ్ళు వేరైనా రంపం ఒకటే కదప్పా" అని నాకు శాలువా కప్పారు.

ఈ మూడు సంగతులూ మా ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. నేను చెబుతుంటే నా భార్య విశ్వాసమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, శబ్దం లేకుండా పెదవులు కదిపేది. ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో ఆమెకు అంతా నోటికి వచ్చు. చుట్టాలు నవ్వేవాళ్ళు.

"ఆ మిషన్నే పెండ్లి చేసుకోవాల్సిండె నువ్వు. కూడు కూడా అదే వండిపెట్టేది" అనేది.

"అది నీ మాదిరి ఎదురు మాట్లాడదు."

"వేడి మీద ఆపితే అలుగుతాదంట గదా. నేను అలిగితే ఒక్కనాడైనా తడిగుడ్డ వేసినావా?"

మా పక్కింటి హనుమేష్‌కు ట్రాక్టరు ఉంది. రెండేళ్ళ కిందట వాడు కొత్త మిషన్ ఒకటి కొన్నాడు. అప్పటి నుంచి నన్ను చూసినప్పుడల్లా ఒకటే పాట. "మామా, నీ మిషన్ స్టార్ట్ అయ్యేలోగా చెట్టే ముసలిదై పడిపోతాది." నేనూ వదిలేవాణ్ణి కాదు. "నీ మిషన్‌తో బెండకాయలు కోయి, మీ అమ్మ పులుసు చేస్తాది" అనేవాణ్ణి.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా చర్చి ఆవరణలో ఐదు మట్ల లోతు, అంటే ఐదు నిలువుల లోతు పాతబావి ఉంది. రాతికట్టు బావి, లోపలికి మెట్లు. పదేళ్ళకు పైగా ఎండిపోయి ఉండింది. పోయిన ఏడు కోతల పండుగకు ముందు పూడిక తీయాలని సంఘం తీర్మానించింది. మనుషులు దిగి బురద తోడారు. అడుగున మోకాలి లోతు మెత్తటి ఒండ్రు మిగిలింది. అయితే లోపలి గోడలో, సగం లోతు దగ్గర, రాళ్ళ సందులో ఒక వేపచెట్టు మొలిచి మనిషి పట్టనంత లావైంది. దాని వేళ్ళు గోడను పెళ్ళగిస్తున్నాయి. దాన్ని తీయాలంటే నేనే. ఆ మాట పాస్టరు జయకుమార్ అయ్యగారే ప్రసంగంలో చెప్పారు.

ముందు రోజే కొమ్మలన్నీ నరికించాను. ఆ రోజు మొద్దుకు తాడు కట్టి, పైన హనుమేష్ ట్రాక్టరుకు బిగించాము. నేను మెట్టు మీద నిలబడి మొదలు కోస్తే, వాడు పైకి లాగుతాడు. బావిలో పని కాబట్టి మిషన్‌కు వేరే తాడు కట్టి, గిలక మీదుగా పైకి పంపాను. ఆ తాడు కొస విశ్వాసమ్మ చేతిలో పెట్టాను. నాకు అన్నం తెచ్చిన మనిషి, ఊరికే కూర్చోవడం ఎందుకని. సగం లోతు వరకు గాలి బాగా ఆడుతుంది, అక్కడ పొగతో భయం లేదు.

కోత సగానికి వచ్చింది. మొద్దు తెగలేదు. మొద్దును పట్టుకున్న గోడే తెగింది. వేళ్ళతో సహా రాళ్ళు ఊడి, నా కాళ్ళ కింది మెట్టు కూడా ఊడింది. ట్రాక్టరు తాడు టప్పున తెగిన శబ్దం విన్నాను. తరువాత ఒండ్రులో వెల్లకిలా ఉన్నాను.

కళ్ళు తుడుచుకుని చూస్తే, మొద్దు నా ముందర ఏటవాలుగా పడి ఉంది. పై కొస ఎదుటి గోడ రాళ్ళలో ఇరుక్కుంది. కింది కొస నా ఎడమకాలి మీదుగా ఒండ్రులోకి దిగింది. మోకాలి కింద కాలు ఉన్నట్టే తెలియలేదు. వీపు గోడకు ఆనుకుని, సగం కూర్చుని, సగం పడుకుని ఉన్నాను. ఒళ్ళు ఇటు కదలదు, అటు కదలదు. తల మీద నా జర్మనీ మిషన్ తాడుకు వేలాడుతూ మెల్లగా తిరుగుతోంది. ఇంజను ఆగిపోయింది కానీ దానికి దెబ్బ తగల్లేదు. నేను మొదట చూసుకున్నది అదే.

"ఏమయ్యో! ఉండావా?" పైనుంచి విశ్వాసమ్మ.

"ఉండా. కాలు ఇరుక్కున్యాది."

హనుమేష్ దిగబోయాడు. వాడు రెండో మెట్టు మీద కాలు పెట్టగానే గోడలోంచి తలకాయంత రాయి ఊడి నా పక్కన పడింది. "దిగొద్దురా! దిగితే నన్ను పూడ్చినట్లే!" అని అరిచాను. ట్రాక్టరుతో మొద్దును లాగుతానన్నాడు. లాగితే పై కొస ఊడి, మొద్దంతా నా ఛాతీ మీదికి దొర్లుతుంది. గొడ్డలి వేస్తే ప్రతి దెబ్బకూ మొద్దు కాలి మీదికి ఇంకా దిగుతుంది. ఫైరింజనుకు ఫోను చేశారు, బయల్దేరిందన్నారు. మా దారి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఓపిక పట్టడం తప్ప ఏమీ లేదనుకుని కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు నడుం కింద చల్లగా తగిలింది. మొద్దు కొస దిగిన చోట ఒండ్రు బుడబుడమంటోంది. నీళ్ళు.

పైనుంచి ఎవరో వంగి చూసి కేక పెట్టారు. "ఊట! అయ్యగారూ, ఊట పడింది! నీళ్ళొస్తాండాయి!"

పదేళ్ళ పైబడి నీళ్ళు చూడని బావి. పైన చప్పట్లు మోగాయి. "దేవునికి స్తోత్రం!" అని నలుగురు ఐదుగురు ఒకేసారి అన్నారు. ఎవరో ఆడమనిషి సంతోషంతో ఏడ్చింది కూడా. తరువాత, ఒకరి వెనుక ఒకరికి, ఆ నీళ్ళు ఎవరి మీదికి వస్తున్నాయో తట్టింది. చప్పట్లు ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం మా చర్చిలో ప్రార్థన వేళ కూడా నేను వినలేదు.

నేను లెక్క చూసుకున్నాను. నన్ను బయటికి తీసేది ఒకటే, మొద్దును మధ్యకు కోయడం. రెండు కొసలూ ఆనుకుని మధ్యలో వంగిన మొద్దు అది. పైనుంచి కోస్తే బ్లేడును కరిచిపట్టేస్తుంది. పైన కొంచెం కోసి, ఆ తరువాత కింది నుంచి పైకి కోయాలి. నీళ్ళు మొద్దు అడుగుకు అందితే మిషన్ పట్టే సందు ఉండదు. అందేలోపల కోయాలి.

"మిషన్ దింపు!" అన్నాను.

"పొగ?" అన్నది విశ్వాసమ్మ.

ఆమె ఎందుకు అడిగిందో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట మా పక్క పల్లెలో బావి అడుగున ఇంజను పెట్టి నీళ్ళు తోడబోయి అన్నదమ్ములిద్దరు పోయారు. మామూలుగా పాతబావిలో దిగేముందు దీపం దింపి చూస్తాము, ఆరిపోతే గాలి చెడిందని. కానీ పెట్రోలు పొగ దీపాన్ని ఆర్పదు, మనిషినే ఆర్పుతుంది. నొప్పి ఉండదు, భయం ఉండదు, నిద్ర వస్తుంది అంతే.

"నా మిషన్ దింపనా మామా? దానికి పొగ తక్కువ" అన్నాడు హనుమేష్. వాడి గొంతులో వెక్కిరింపు లేదు.

"దాని బ్లేడు పొట్టిదిరా. నేను ఒక పక్క నుంచే కోయాల. మొద్దు అవతలికి అందదు."

ఉపాయం నేనే చెప్పాను. కొంచెం కోసి ఆపుతాను. ఆపగానే వేపకొమ్మల మోపు తాడుకు కట్టి, బావి అడుగు దాకా దించి, పైకీ కిందికీ చిలకాలి. మా పెద్దలు పాతబావుల్లో గాలి చిలికింది అట్లాగే. పొగ పైకి పోయాక మళ్ళీ కోస్తాను. ముందు రోజు నరికిన వేపకొమ్మలు అక్కడే కుప్పగా ఉన్నాయి.

"మళ్ళీ స్టార్ట్ అవుతాదా? నీది వేడి మీద అలుగుతాది గదా" అన్నది విశ్వాసమ్మ.

"తడిగుడ్డ వేసుకుంటాలే. నీళ్ళకు ఇప్పుడు కొదవా?"

"సరే. పొగ ఎక్కిందని నాకు ఎట్లా తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది."

"నీకు తెలీదు. ఆ అన్నదమ్ములకు తెలిసిందా? నువ్వు మాట్లాడుతానే ఉండాల."

"కీర్తన పాడతాలే" అన్నాను, సంఘ పెద్దను కదా.

"వద్దు. కీర్తనలు నువ్వు నిద్రలో కూడా తప్పు లేకుండా పాడతావు. నీ గొప్పలు చెప్పు."

"ఏమే?"

"గొప్పలయ్యా! నీ మిషన్ గొప్పలు. ప్రార్థన మేము చేస్తాం గానీ, నువ్వు గొప్పలు చెప్పు. ఒక్క మాట తప్పినా నాకు తెలుస్తాది."

పైన ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మిషన్ దిగి నా ఒళ్ళోకి వచ్చింది.

అప్పటికి అది చల్లారి ఉంది కాబట్టి రెండు లాగుళ్ళకే అందుకుంది. ఐదు మట్ల బావిలో ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పలేను. నా పళ్ళు కదిలాయి. పైభాగాన నాలుగు వేళ్ళ లోతు కోసి ఆపాను. నీలం పొగ నా ముఖం మీద పడుకుంది. కొమ్మల మోపు దిగి, లేచి, దిగి, లేచి, ఆకులు నా తల మీద రాల్చింది.

"చెప్పు!"

"పత్తికొండ దారి. చింతచెట్టు. బస్సుకు అడ్డం పడింది. ఎర్ర మిషన్‌తో తీసినా. అంతా ఫొటోలు దిగినారు."

"ఊఁ. కొయ్యి."

తడిగుడ్డ వేసి, మూత మీద నీళ్ళు చిలకరించి లాగాను. చాలాసార్లు లాగాల్సి వచ్చింది. అందుకుంది. ఈసారి కింది నుంచి కోత మొదలుపెట్టాను. నీళ్ళు పొట్ట దాకా వచ్చాయి, రంపపు పొట్టు తెట్టె కట్టి నా చుట్టూ తేలుతోంది. కొంత కోసి ఆపాను. కొమ్మలు చిలికారు. బసవరాజు గారి ఇరుసు సంగతి చెప్పాను, శాలువాతో సహా. ఆమె ఊఁ కొట్టింది. శాలువా రంగు కూడా అడిగింది, చెప్పాను.

మూడోసారి కోత బాగా సాగింది. సాగుతోంది కదా అని కొంచెం ఎక్కువసేపే కోశాను. ఆపినప్పుడు నాకు చాలా హాయిగా ఉంది. కాలి బరువు కూడా పోయినట్టుంది. పైన గుండ్రటి ఆకాశం, చుట్టూ తలకాయలు, అందరూ నా కోతను చూడటానికే వచ్చినట్టు అనిపించింది.

"చెప్పు!"

చెప్పాను. చాలా బాగా చెప్పాననే నా నమ్మకం. కానీ నేను ఏమన్నానో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. చిప్పగిరి బడి మీద పడిన చింతచెట్టును ఎర్ర మిషన్‌తో దించినానని అన్నానట.

"ఏ చెట్టు?" అన్నది విశ్వాసమ్మ.

"చింతచెట్టు."

"ఏ మిషన్?"

"ఎర్రది. ఎన్నిసార్లు చెప్పాల్నే నీకు?"

ఆమె తాడు ఒక్క గుంజు గుంజింది. మిషన్ నా ఒళ్ళోంచి ఎగిరి, అందుకోబోయిన నా వేళ్ళకు తగిలి, పైకి పోయింది.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కోత ఇంకా జానెడే ఉంది. నీళ్ళు రొమ్ముకు తగులుతున్నాయి, మొద్దు అడుగుకు బెత్తెడు కిందికి వచ్చాయి. అట్లాంటప్పుడు నా మిషన్ నా చేతిలోంచి లాక్కుంటుందా?

"దింపే! నా మిషన్ నాకియ్యి!"

"నీకు పొగెక్కింది."

"ఏమీ ఎక్కలా! నేను శానా బాగుండా!"

"బాగుండేవాడు వేపను చింత అంటాడా? చిలకండప్పా, చిలకండి! ఆపొద్దు!"

కొమ్మల మోపు నా మీద వానలాగా పడి లేస్తోంది. నేను తిట్టిన తిట్లు సంఘ పెద్ద తిట్టవలసినవి కావు, అయ్యగారు పక్కనే ఉన్నారు. తిడుతూ తిడుతూ ఉండగానే తల పగిలిపోయేంత నొప్పి మొదలైంది. కడుపులో తిప్పి వాంతి అయింది. కాలు ఒక్కసారిగా మండింది. హాయి అంతా ఎటుపోయిందో పోయింది. అప్పుడు చలి తెలిసింది, గోడ తెలిసింది, రొమ్ము మీద నీళ్ళు తెలిశాయి. కదలాలంటే కదలలేను. పైకి చూస్తే మిషన్ గిలక దగ్గర ఉంది. అది ఎక్కడో, నేను ఎక్కడో. నా ఎనభై మట్ల పొగరంతా ఐదు మట్ల బావిలో ఒదిగిపోయింది.

"విశ్వాసమ్మా" అన్నాను.

"ముందు చెప్పు. చిప్పగిరిలో ఏ చెట్టు?"

"వేపచెట్టే తల్లీ. వేపచెట్టు."

"ఏ మిషన్?"

"నీ చేతిలో ఉండేదే."

"బండలు ఎన్ని పగిలినాయి?"

"ఒక్కటి పగల్లా!"

"ఊఁ" అన్నది. ఆ ఊఁలో ఆమె గొంతు వణికింది, అంత లోతుకూ వినపడింది.

నా చేతుల్లో ఇక లాగే బలం లేదు. పైన్నే స్టార్ట్ చేసి దింపమన్నాను. హనుమేష్ లాగాడు, లాగాడు. వేడి మిషన్, పలకలేదు. "ఇది కాదు మామా, సచ్చిపోయింది" అన్నాడు వాడు, ఏడుపు గొంతుతో. అప్పుడు విశ్వాసమ్మ మాట వినిపించింది. "చోకు ముయ్యొద్దురా. తడిగుడ్డ ఆడ కాదు, ఈడ వెయ్యి, పెట్రోలు పోయే తావున. కాసేపు ఉండు. ఇప్పుడు రేజు మీట నిండా నొక్కిపట్టి లాగు. చేత్తో కాదురా, నడుముతో లాగు." ఇంతకాలం నేను వచ్చినవాళ్ళకందరికీ చెప్పిన మాటలు అవి, ఒక్కటీ పొల్లుపోకుండా. మిషన్ గుర్రుమంది.

చైన్ తిరగకుండా ఇంజను మాత్రం నెమ్మదిగా నడుస్తూ, పొగ వదులుతూ, మిషన్ నా దగ్గరికి దిగివచ్చింది. దాన్ని అందుకోగానే నేను చేసిన మొదటి పని తాడు ముడి విప్పడం. మళ్ళీ గుంజుకుంటుందేమోనని. తాడు తేలికైనట్టు పైన తెలిసిపోయింది.

"విప్పినావా? ఏమయ్యో! ముడి విప్పినావా?"

నేను ఊపిరి బిగపట్టి బ్లేడును మొద్దు కిందికి తోశాను. నీళ్ళు అప్పుడే చైన్‌కు అందుతున్నాయి. చైన్ తిరుగుతుంటే నీళ్ళూ పొట్టూ కలిసి ముఖానికి కొట్టాయి. కళ్ళు మూసుకుని చేతులతోనే చూశాను. లోపల నార తెగే శబ్దం నాకు తెలుసు, మొద్దు ముందుగా ఒక చిన్న మూలుగు మూలుగుతుంది. మూలిగింది. ఫెళ్ళుమని రెండైంది.

పై ముక్క గోడ వెంట జారి నీళ్ళలో పడింది. అల నన్ను ముంచింది. కాలి మీది ముక్క దొర్లింది, కాలు విడిపడింది, కానీ ఒళ్ళు మునుగుతోంది. నా రెండు చేతుల్లో మిషన్ ఉంది. ఖాళీ తాడు ముఖం ముందర ఊగుతోంది. తాడు పట్టాలంటే రెండు చేతులూ కావాలి. పైనుంచి విశ్వాసమ్మ "తాడు! తాడు!" అంటోంది.

తాడు పట్టుకున్నాను.

నన్ను ఎట్లా లాగారో, హనుమేష్ ఎంతవరకు దిగి నన్ను భుజాన వేసుకున్నాడో నాకు తెలియదు. ఫైరింజను వాళ్ళు వచ్చేసరికి మంచం మీద ఉన్నాను. వాళ్ళే నన్ను అంబులెన్సులోకి ఎక్కించారు. కర్నూలు పెద్దాసుపత్రిలో కాల్లో ఇనుప కడ్డీ వేశారు. ఈ వయసులో అంత తొందరగా నడిచినవాణ్ణి చూడలేదని డాక్టరమ్మ అన్నది. అది ఆమె మాట.

ఇంటికి వచ్చేసరికి బావి సగానికి నిండింది. కొన్నాళ్ళు నీళ్ళకు పెట్రోలు వాసన వచ్చిందని పశువులకు మాత్రమే వాడారు. తరువాత పల్లెంతా తోడుకోవడం మొదలుపెట్టింది. చర్చి వాళ్ళు, చర్చి కాని వాళ్ళు, అందరూ. గోడ కూడా కట్టించారు. నా మిషన్ ఆ నీళ్ళ అడుగున, ఒండ్రులో ఉంది.

నడవడం రాగానే సంఘం కూటంలో అడిగాను, మోటారు పెట్టి ఒక్కసారి బావి తోడితే మిషన్ తీసుకుంటానని. హనుమేష్ "నా మోటారు పెడతా మామా" అన్నాడు. మిగతా వాళ్ళు ఎవరూ కాదనలేదు. కాదంటే జవాబు చెప్పేవాణ్ణి. వాళ్ళు నేల చూపులు చూశారు. చివరికి ఒక ముసలమ్మ "తోడితే ఊట మళ్ళీ మూసుకుంటాదేమో లేవి నాయనా" అన్నది. మోటారు మాట వదిలేశాను. అయస్కాంతం దింపి చూశాము, లాభం లేదు. నా మిషన్ ఒంట్లో ఇనుము కంటే అల్యూమినియం ఎక్కువ.

అప్పటి నుంచి పొద్దుగూకేటప్పుడు కర్ర ఊతంతో బావి దగ్గరికి పోయి తొంగి చూసేవాణ్ణి. ఎండాకాలం ముదిరింది. నీళ్ళు మెల్లగా దిగాయి. ఒక్కొక్క రాతి వరుసా బయటపడుతుంటే లెక్కపెట్టుకునేవాణ్ణి. ఇంకొక నిలువు దిగితే చాలు, హనుమేష్ దిగి చేత్తో వెతకగలడు. ఇంజను తుప్పుపట్టినా బాగు చేసుకోగలను, ఇంతకంటే చెడిన మిషన్లను లేపాను. ఆరుద్ర కార్తె వచ్చినా చినుకు లేదు. విత్తనాలు తెచ్చుకుని రైతులు ఆకాశం చూస్తున్నారు. నేను బావిలోకి చూస్తున్నాను. నేను ఏం చూస్తున్నానో ఇంట్లో ఒక మనిషికి తెలుసు.

ఆ ఆదివారం జయకుమార్ అయ్యగారు వాన కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. చర్చి నిండింది. "మన సంఘ పెద్ద లేవి గారు నడిపిస్తారు" అన్నారు. లేచి నిలబడ్డాను. ఆ బావి నీళ్ళనే బిందెల్లో మోసుకుపోతున్న ఆడవాళ్ళంతా తలల మీద కొంగులు కప్పుకుని కళ్ళు మూసుకున్నారు. విశ్వాసమ్మ మాత్రం మూసుకోలేదు. నన్నే చూస్తోంది.

నేను ప్రార్థన చేయడంలో ఈ ప్రాంతంలో పేరున్నవాణ్ణి. మాట తడుముకోవడం నాకు తెలియదు. ఆ రోజు కొంచెంసేపు తడుముకున్నాను.

తరువాత గొంతు ఎత్తి, "వాన కురిపించు తండ్రీ, మా చేలు తడుపు, మా చెరువులు నింపు" అన్నాను.

"బావి కూడా" అన్నది విశ్వాసమ్మ, మెల్లగా, పక్క వరుసలోంచి.

"బావి కూడా" అన్నాను. "నిండా."